తెరపై దుర్వాసశాపము: దేవదాసు కథలో అనురాగము, నీతి

తెలుగునాట 'దేవదాసు' అనునది నేడు ఒక పాత్ర పేరు మాత్రమే కాదు. ప్రేమలో భంగపడి, గడ్డము పెంచి, మద్యమునకు లోబడిన యువకుని చూచి 'వాడు దేవదాసైనాడు' అనుట సామాన్యవ్యవహారము. ఈ మాట పలుకువారి మనస్సులో ఒక కథ ఉన్నది. ఒకడు ప్రేమించెను, లోకము అడ్డుపడెను, ప్రేయసి పరుని ఇల్లు చేరెను, అతడు నశించెను. ఈ కథలో అతడు చేసిన తప్పు ఏదియు లేదు. కాని శరచ్చంద్ర చట్టోపాధ్యాయుని నవలను తెఱచి చదివినచో వేఱొక కథ కానవచ్చును. అందు ప్రేయసి తానై అర్ధరాత్రమున వచ్చి ఆశ్రయము కోరగా, వెనుదీసినవాడు దేవదాసే. అతడు విడువబడినవాడు కాడు, విడిచినవాడు. ఒక పాత్ర పేరు తన చరిత్రకు విరుద్ధమైన అర్థముతో భాషలో స్థిరపడుట ఎట్లు సంభవించెను? ఈ ప్రశ్నకు సమాధానము నవలలో దొరకదు. ఆ నవలకు తెరపై కలిగిన రూపాంతరములలో వెదుకవలసియున్నది.

నవలలను ఆధారముగా గొనిన చలనచిత్రములను గూర్చి సాధారణముగా అడుగు ప్రశ్న, చిత్రము మూలమును అనుసరించినదా లేదా అనునది. ఈ ప్రశ్నవలన ప్రయోజనము స్వల్పము. సన్నివేశములను ఉన్నవి ఉన్నట్లు నిలిపియు మూలార్థమును తలక్రిందులు చేయవచ్చును. అన్నింటిని మార్చియు మూలార్థమునకు దగ్గరగా నిలువవచ్చును. కావున మేము వేఱొక ప్రశ్నను ఎన్నుకొంటిమి: కథలోని దోషమును ఈ చిత్రము ఎవరిపై మోపినది? అనురాగకథలలో నీతి యనునది విడిగా ఉపదేశరూపమున ఉండదు. దోషము ఎవరిదని కథ చూపునో అందే ఉండును.

మూలకథను మార్చుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. నాయకునికిగాని రసమునకుగాని తగనిది ఇతివృత్తమున ఉన్నచో దానిని విడువవలెననియో, మార్చి కల్పింపవలెననియో ధనంజయుడు దశరూపకమున విధించెను. ఆనందవర్ధనుడును రసమునకు అనుగుణముగా కథను మార్చుకొను స్వాతంత్ర్యమును కవికి ఒసగెను. ఇందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము శాకుంతలమే. భారతకథలో దుష్యంతుడు శకుంతలను ఎఱిగియు ఎఱుగనట్లు పలుకును. లోకులు ఏమందురో యను శంకయే అందులకు కారణముగా పిదప చెప్పుకొనును. నన్నయ ఆ కఠినఘట్టమును తెలుగున నిలిపెను. కాళిదాసు దుర్వాసశాపమును కల్పించి, రాజును మఱపున ముంచి, దోషమును మునికోపమునకు బదలాయించెను. పినవీరభద్రుని శృంగారశాకుంతలమున ఈ రెండు కథాధారలును కలిసినవి. కావున శాపమును కల్పించుట తనంతట దోషము కాదు. దానివలన ఏమి లభించినది, ఏమి పోయినది అని విచారించుటయే విమర్శకుని పని. దేవదాసు కథను తెరకెక్కించినవారిలో పలువురు తమ తమ దుర్వాసుని ఎక్కడనో ఒకచోట నిలిపిరని మా ప్రతిపాదనము.

ముందు నవలను చూతము. శరచ్చంద్రుడు (1876–1938) దీనిని తొలియౌవనమున వ్రాసినను ఇది ప్రకటితమైనది 1917లో. జమీందారు నారాయణ ముఖర్జీ కుమారుడు దేవదాసు. పొరుగింటి నీలకంఠ చక్రవర్తి కూతురు పార్వతి. ఇరువురివి బ్రాహ్మణకుటుంబములే. చక్రవర్తివారిది ఆడపిల్లకు సొమ్ము పుచ్చుకొను ఇల్లనియు, పైగా పొరుగు సంబంధమనియు ముఖర్జీవారు ఈ పెండ్లిని త్రోసిపుచ్చిరి. గురజాడవారి కన్యాశుల్కమును చదివిన తెలుగువారికి ఈ ఆక్షేపణలోని పదును వేఱుగ చెప్ప నక్కఱలేదు. నీలకంఠుడు కూతును అమ్మదలచినవాడు కాడు; అభిమానము దెబ్బతిని మఱియొక సంబంధము కుదిర్చెను. ఇంతవరకు దోషము పెద్దలది, ఆచారముది. కథ ఇక్కడ ముగిసియున్నచో జనవ్యవహారములోని దేవదాసు సరియైన దేవదాసే అగును. కాని అసలు కథ ఇక్కడ మొదలగుచున్నది.

పార్వతి అప్పటికి 13వ యేట అడుగిడిన బాలిక. ఆమె ఒంటరిగా అర్ధరాత్రమున దేవదాసు గదికి పోవును. ఈ సన్నివేశమున శరచ్చంద్రుడు ఇరువురి మాటలను ప్రక్కప్రక్కన ఉంచి చూపిన తీరు గమనింపదగినది. దేవదాసు మొదట అడిగినవి భయమును గూర్చిన ప్రశ్నలు: ఒంటరిగా ఎట్లు వచ్చితివి, ఎవరైన చూచిరా, రేపు నలుగురిలో తలయెత్తుకొనుట ఎట్లు? పార్వతికి ఆ శంకలు తెలియనివి కావు. సిగ్గును, అపవాదును లెక్కించియే ఆమె వచ్చినది. ఆ భారమును అతడు తనతో పంచుకొనునను నమ్మకముతో వచ్చినది. సంప్రదాయపరిభాషలో ఆమెను అభిసారిక యనవచ్చును. కాని అభిసారికయందు శాస్త్రకారులు చెప్పిన మదనావేశము ఇచట ప్రధానము కాదు. ఆమె కోరినది వివాహము. ధర్మమార్గమున తనకొక చోటు. అనగా ఈ రాత్రి అనురాగము పార్వతి పక్షమునను, నీతి లోకము పక్షమునను లేవు. రెండును పార్వతి పక్షముననే ఉన్నవి. దేవదాసు పక్షమున ఉన్నది లోకభీతి మాత్రమే.

తరువాత అతడు తండ్రితో ప్రస్తావించి, తిరస్కృతుడై, కలకత్తాకు వెడలిపోయెను. అక్కడినుండి పార్వతికి ఒక లేఖ వ్రాసెను. తనకు ఆమెపై అంతటి ప్రేమ ఎన్నడును కలుగలేదని అందలి సారము. ఈ లేఖ ఎవరి బలవంతమునను వ్రాసినది కాదు. వ్రాసి పంపిన పిదప అతడు పశ్చాత్తాపముతో తిరిగి వచ్చెను. కాని అప్పటికి పార్వతి మనస్సు గట్టిపడినది. కొలని రేవున ఆమె అతనిని నిరాకరించి, తనకును అభిమానము కలదని పలికినది. అతడు చేతిలోని గాలపుకఱ్ఱతో ఆమె నుదుట కొట్టెను. ఆ మచ్చ ఆమె జీవితాంతము ఉండును. చంద్రునకును మచ్చ కలదని అతడు ఆ దెబ్బకు సమర్థనము చెప్పును. ప్రబంధములలో నాయిక ముఖమును చంద్రునితో పోల్చి చదివి ఆనందించిన మాబోటివారికి, ఆ ఉపమానము ఒక దెబ్బను కప్పిపుచ్చు సాధనమగుట చూచి సిగ్గు కలుగవలసియున్నది.

పార్వతి హాతీపోతా జమీందారు భువన చౌదరిని పెండ్లాడినది. ఆయన భార్య గతించినవాడు, ఎదిగిన బిడ్డలు కలవాడు. ఈ గృహమున పార్వతి నడచుకొన్న విధమును చిత్రములు త్వరగా దాటిపోవును, నవల దాటిపోలేదు. సవతికూతురు యశోద అలిగి వచ్చినప్పుడు తన నగలను ఆమెకు ఇచ్చి పార్వతి ఆమె మనస్సును గెలుచుకొన్నది. దానధర్మములతో ఇల్లు నడపినది. ఆమె ప్రేమ చావలేదు. ఆమె ధర్మమును చెడలేదు. ఈ రెండింటిని ఒక్క మనస్సులో ఇముడ్చుకొనుటకు ఎంత బలము కావలెనో నవల చెప్పక చూపును. దేవదాసు తండ్రి మరణించిన పిదప ఆమె అతనిని కలిసి, తన ఇంటికి వచ్చి తన సేవను గైకొమ్మని కోరినది. మద్యమును విడుతునని అతడు మాట ఇయ్యలేదు. చనిపోవుటకు ముందు ఒక్కసారి వత్తునని మాత్రము మాట ఇచ్చెను. ఆమెకు ఇచ్చిన మాటలలో అతడు నిలుపుకొన్నది ఇదియే. అదియును ఆమెకు ఉపయోగపడని విధమున నిలుపుకొనెను.

చంద్రముఖి విషయమునను నవల దృష్టి ఇట్టిదే. దేవదాసు ఆమెను అసహ్యించుకొనుటయే ఆమె మార్పునకు మొదటి కారణము. ఆమె వృత్తిని విడిచి ఒక పల్లెలో సామాన్యజీవనము గడపెను. అతడు కష్టదశలో ఉన్నాడని తెలిసి మరల కలకత్తాకు వచ్చి, వీథిని పడియున్నవానిని ఎత్తుకొనిపోయి సేవచేసెను. తెలుగు సాహిత్యమున మధురవాణిని ఎఱిగిన పాఠకునకు ఇట్టి పాత్ర వింత కాదు. వేశ్యయందు వివేకమును, కులీనుల యందు దాని లోపమును ఏకకాలమున చూపుట ఇరువురు రచయితల పద్ధతియు. నవలలో పార్వతి, చంద్రముఖి ఎన్నడును కలిసికొనరు. చేయవలసినదానిని చేయు శక్తి ఇరువురు స్త్రీలయందును కలదు. ఇరువురి నడుమ నున్న పురుషునియందు లేదు.

ముగింపు మఱియు కఠినము. దేవదాసు పాండువా స్టేషనున రైలు దిగి, ఎడ్లబండిపై హాతీపోతా చేరి, పార్వతి ఇంటి ఎదుట చెట్టుక్రింద తెలియనివాడుగా మరణించెను. పార్వతికి ఈ వార్త తెలియునప్పటికి శవమును కూడ తీసికొనిపోయిరి. ఆమె పరుగిడగా భర్త కేకతో సేవకులు మూర్ఛితయైన ఆమెను లోనికి మోసికొనిపోయిరి. పిమ్మట కథకుడు స్వయముగా పాఠకులతో మాటలాడును. దేవదాసు నిగ్రహము లేనివాడనియు, పాపియనియు చెప్పుటకు అతడు వెనుదీయడు. ఆ మాట చెప్పియే, అట్టివానికొఱకు ప్రార్థింపుడని కోరును. మరణకాలమున ఒక స్నేహహస్తమైన తగులని దుర్గతి ఎవరికిని కలుగరాదని. నవలలోని నీతి యంతయు ఇందున్నదని మా తలంపు. ఇది జాలి, కాని నిర్దోషత్వమును ప్రకటించు తీర్పు కాదు. దోషిని దోషిగా ఎఱిగి జాలిపడుట ఈ రచన పాఠకునినుండి కోరిన కష్టమైన పని.

ఇక తెరను చూతము. మూకచిత్రముల కాలముననే ఈ నవల తెరకెక్కినది. అయినను దాని తెరసంప్రదాయమునకు మూలపురుషుడు న్యూ థియేటర్స్ సంస్థకై 1935లో బెంగాలీచిత్రమును తీసి, తానే నాయకపాత్రను ధరించిన ప్రమథేశ బరువా. ఆయనయే తీసిన హిందీచిత్రమున కుందన్‌లాల్ సైగల్ నాయకుడు. సైగల్ కంఠముతో ఈ కథలో ఒక క్రొత్త బలము ప్రవేశించెను. నవలలోని త్రాగుబోతు పాడడు; తెరపైవాడు పాడును. పాటకు ఒక స్వభావము కలదు: అది పాడువాని లోపలినుండి పలుకును, వినువానిని అతని పక్షమునకు చేర్చును. నవలలో కథకుడు నాయకునికి కొంత ఎడముగా నిలిచి అతనిని చూపుచుండును. ఆ ఎడమును పాట తొలగించెను.

తెలుగున 1953లో వినోదా పిక్చర్స్ వారి దేవదాసు వెలువడినది. దర్శకుడు వేదాంతం రాఘవయ్య, నిర్మాత డి. ఎల్. నారాయణ, నాయకుడు అక్కినేని నాగేశ్వరరావు, పార్వతి సావిత్రి, చంద్రముఖి లలిత. కథాక్రమము నవలకు దగ్గరగానే నడచినది. సావిత్రి నటనలో పార్వతి అభిమానము ఏమాత్రమును తఱుగలేదు. అయినను ప్రేక్షకులు ఇంటికి తీసికొనిపోయినవి సి. ఆర్. సుబ్బురామన్ సంగీతమున, సముద్రాల రాఘవాచార్యుల పేరున వచ్చి, ఘంటసాల పాడిన పాటలు. వానిలో ఒకటి లోకమంతయు మిథ్యయను వేదాంతమును మద్యపాత్ర ముందట పలుకును. మఱియొకటి జరిగిన తప్పిదమును తప్పిదముగా ఎంచుకొనవలదని ఓదార్చును. వేమనను, శతకకవులను, తత్త్వములను విని పెరిగిన తెలుగుచెవికి ఈ వైరాగ్యధోరణి సుపరిచితము. కాని చూడవలసినది ఇది: జగత్తే మిథ్య యైనచో ఒక బాలికకు వ్రాసిన లేఖయు మిథ్యయే, ఒక నుదుటిపై పడిన దెబ్బయు మిథ్యయే. ఇచట దుర్వాసుడు ఒక వ్యక్తి కాడు, ఒక తత్త్వము. పశ్చాత్తాపము కావలసినచోట వైరాగ్యము వచ్చి కూర్చున్నది. రెండింటికిని కన్నీరు ఒక్కటే యగుటచేత తేడా తెలియలేదు. 'దేవదాసు' జాతివాచకమగుటకు ఈ పాటలే ముఖ్యకారణమని మేము భావింతుము. 1974లో విజయనిర్మల దర్శకత్వమున కృష్ణ నాయకుడుగా ఈ కథ మరల వచ్చుటయు, 1978లో దాసరి నారాయణరావు 'దేవదాసు మళ్ళీ పుట్టాడు' అను చిత్రమును నాగేశ్వరరావుతోనే తీయుటయు ఆ పేరు తెలుగువారిని ఎంతగా పట్టుకొనియుండెనో చాటుచున్నవి.

బరువా హిందీచిత్రమునకు ఛాయాగ్రాహకుడైన బిమల్ రాయ్ 1955లో దిలీప్ కుమార్, సుచిత్రాసేన్, వైజయంతిమాలలతో తానే దేవదాసును తీసెను. ఇందు ఒక చిన్న కల్పన కలదు. పార్వతి పల్లకిలో పోవుచుండగా కాలినడకను వచ్చు చంద్రముఖి ఎదురగును. ఇరువురును ఒకరినొకరు చూచుకొందురు; మాట లేదు; ఎవరి త్రోవ వారిది. నవలలో లేని ఈ చూపు నవలార్థమును చెఱుపదు. పైగా పైన మేము చెప్పిన స్త్రీల సామ్యమును దృశ్యముగా చేయును. ఈ చిత్రమునకు సహాయనటిగా ఇచ్చిన ఫిలింఫేర్ పురస్కారమును వైజయంతిమాల నిరాకరించెను. తన పాత్ర పార్వతిపాత్రకు సమానమేకాని సహాయకము కాదని ఆమె వాదము. ఇది నటి అభిమానము మాత్రమే కాదు, నవలను సరిగా చదివిన విమర్శ యని మేము ఎంచుచున్నాము.

2002లో సంజయ్ లీలా భన్సాలీ తీసిన చిత్రము ఈ విషయమున మిక్కిలి బోధకము. ఇందు నాయకుడు విదేశమునుండి తిరిగి వచ్చిన యువకుడు. పార్వతి తల్లి నిండుసభలో అవమానింపబడును. వదినె కుతంత్రములు పన్నును. నవలలో నిదానముగా పనిచేసిన ఆచారమునకు ఇచట ముఖములు, స్వరములు, పన్నాగములు వచ్చినవి. దుర్వాసులు పెక్కుమంది యగుటచేత నాయకుని వంతు దోషము తఱిగినది. పార్వతి, చంద్రముఖి కలిసికొనుటయే కాక ఒక్కచోట నృత్యము చేయుదురు; బిమల్ రాయ్ మౌనముగా చూపిన సామ్యము ఇచట ఉత్సవమైనది. నుదుటి దెబ్బ సయితము ముత్యాలహారముతో కొట్టినదగుటచే అలంకారమువలె కానవచ్చును. చివరకు భర్త ఆజ్ఞపై మహాద్వారములు మూయబడుచుండగా పార్వతి పరుగిడును. ఆవల దేవదాసు ప్రాణము విడుచును. నవలలో మరణమునకును పరుగునకును నడుమ కాలము గడచిపోయినది. ఇచట రెండును ఒక్క క్షణమున జరుగును. ఈ మార్పు కేవలము ఉత్కంఠకొఱకు కాదు. ద్వారము ఆ క్షణమున మూయబడినచో ప్రేమికులను విడదీసినది ద్వారమే అగును. నవలలో వారిని విడదీసినది యేండ్లకు పూర్వము వ్రాసిన ఒక లేఖ.

దీనికి తుది యుదాహరణముగా 2009లో అనురాగ్ కశ్యప్ తీసిన 'దేవ్ డి' ని గైకొందము. ఇందు బెంగాల్ లేదు. పంజాబు, ఢిల్లీ ఉన్నవి. భాష, వేషము, శృంగారచిత్రణము చూచి ఇది శరచ్చంద్రునికి ద్రోహమని పలువురకు తోచవచ్చును. కాని దోషమెవరిదను ప్రశ్నను అడిగినచో ఆశ్చర్యకరమైన సమాధానము వచ్చును. ఇచట నాయకుడు పుకారును నమ్మి, అనుమానముతో తానే పార్వతిని అవమానించి త్రోసివేయును. పార్వతి కోరిక దాచుకొనదు. త్రోసివేయబడిన పిదప కుంగిపోదు. పెండ్లిచేసికొని తన జీవితమును తాను నడపుకొనును. ఇందు దుర్వాసుడు లేడు. బాహ్యమున మూలమునకు అత్యంతదూరమైన ఈ చిత్రము దోషస్థాపనయందు మూలమునకు సన్నిహితము. కాని ముగింపున నాయకుడు మరణింపడు. చంద్రముఖిస్థానమున ఉన్న యువతి సాహచర్యమున బాగుపడును. దోషమును చెప్పుటలో నవల వెంట నడచిన చిత్రము శిక్షను చెప్పుటలో విడిపోయినది. దోషికి ప్రార్థనము కోరిన నవల ఒకటి, దోషికి మఱియొక అవకాశము ఇచ్చిన చిత్రము ఒకటి. రెండవది నేటి కాలపు నీతి యని చెప్పి ఊరకుండవచ్చును. కాని పురుషుని బాగుచేయు పని మరల ఒక స్త్రీ మీదనే పడుట గమనింపక తప్పదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. సంఘమే దేవదాసుని అట్టి పిఱికివానిగా పెంచినదనియు, కావున సంఘమును దోషిగా చూపిన చిత్రములు కథను మఱింత లోతుగా చదివినవే యనియు వాదింపవచ్చును. ఈ వాదమున కొంత సత్యము కలదు. జమీందారీ గారాబము, తండ్రి బెత్తము రెండును అతనిని ఎట్లు మలచెనో నవలయే చెప్పినది. అయినను అదే సంఘమున, అంతకంటె తక్కువ స్వాతంత్ర్యముతో పెరిగిన 13 యేండ్ల బాలిక ఆ రాత్రి ధైర్యము చూపినది కదా. సంఘము సర్వమునకు కారణమైనచో పార్వతి ఎచటినుండి వచ్చినది? దేవదాసును పూర్తిగా మన్నించుట పార్వతిని చూడకుండుటయే అగును.

మఱియొక ఆక్షేపణ, కాళిదాసునకు ఒసగిన స్వాతంత్ర్యమును చిత్రదర్శకులకు ఏల ఒసగరాదని. ఒసగవలసినదే. కాని కాళిదాసు శాపమును కల్పించి ఊరకుండలేదు. ఉంగరము దొరకిన పిదప రాజును పశ్చాత్తాపమున కాల్చి, తన పొరపాటును తాను గుర్తింపజేసి, పిమ్మట శకుంతల పాదములపై వ్రాల్చెను. శాపము దోషమును తేలికపఱచినను పశ్చాత్తాపమును తేలికపఱచలేదు. దేవదాసు చిత్రములలో పెక్కింట శాపము వచ్చినది; ఆ ఆత్మపరీక్ష రాలేదు. దాని స్థానమున మద్యము, పాట నిలిచినవి.

మా తరగతులలో ఈ నవలను చర్చించునప్పుడు, పార్వతి దేవదాసును విడిచినదని చెప్పు విద్యార్థులే ఎక్కువ. చదివినవారును అట్లే చెప్పుదురు. తెరపై చూచినది చదివినదానిని కప్పివేయును. అట్టివారికి మేము చెప్పునది ఒక్కటే: చిత్రమును త్రోసివేయనక్కఱలేదు, ఆ లేఖను మరల ఒకసారి చదువుడు, ఎవరు వ్రాసిరో చూడుడు. పిమ్మట ఘంటసాల పాటను మరల వినుడు. పాట మాధుర్యము తఱుగదు. దానిని పాడువాడు ఎవరో తెలియును. అంతవరకు పరిశోధకునకు, ఉపాధ్యాయునకు చేయదగిన పని కలదు. 'దేవదాసు' అను మాటకు భాషలో స్థిరపడిన అర్థమును మేము మార్చలేము. ఆ మాట వెనుక నుదుట మచ్చతో నిలిచియున్న ఒక స్త్రీ కలదని మాత్రము మఱవకుండ చెప్పగలము.